తోడు పెట్టి ఆగడం: పీక్కుపోయిన బుగ్గలకు పీఎల్ఎల్ఏ ఇంజెక్షన్ వాడిన ఒక కేసు

ఆవిడకు 49 ఏళ్లు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్. 2022 జనవరిలో విజయవాడలోని నా క్లినిక్‌కి వచ్చినప్పుడు చీర కొంగు భుజం మీదుగా ముందుకు తెచ్చి, బుగ్గ దాకా కప్పుకుని కూర్చున్నారు. పక్కన కూతురు. "ఏంటమ్మా ఇబ్బంది?" అని అడిగితే కొంగు పక్కకు తీశారు. నోటితో ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

రెండు బుగ్గలూ లోపలికి పోయాయి. చెంప ఎముక కింద గుంట, ఆ గుంటలో నమిలే కండరం అంచు గీతలా కనబడుతోంది. కణతలు కూడా పల్లం పడ్డాయి. ఎడమ వైపు ఇంకా ఎక్కువ. బరువు చూస్తే 61 కిలోలు. చేతులు, ఒళ్లు మామూలుగా ఉన్నాయి. మనిషి చిక్కలేదు, ముఖం ఒక్కటే చిక్కింది.

ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టేందుకు వీలయ్యే వివరాలు మార్చాను.

ముఖం ఇలా ఎందుకైంది

భర్త చనిపోయాక చేయించుకున్న పరీక్షల్లో ఆవిడకు హెచ్ఐవీ ఉన్నట్టు తెలిసింది. 2006లో ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే చికిత్స) సెంటర్‌లో మందులు మొదలుపెట్టారు. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలను ముందు తీసుకున్నారు, వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో చాలామందికి ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ ఉండేది. ఎందరో ఆ మందు వల్లే బతికారు, ఆ మాట ముందు చెప్పాలి. అయితే స్టావుడిన్ కొవ్వు కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. ఆ కణాలు మెల్లగా చచ్చిపోతాయి. బుగ్గలు, కణతలు, చేతులు, పిరుదుల దగ్గర చర్మం కింద కొవ్వు కరిగిపోతుంది. దీన్నే లైపోయాట్రొఫీ అంటాం. ఈ మందును మెల్లగా మాన్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. ఆవిడకు 2012లో టెనోఫోవిర్ అనే మరో మందుకి మార్చారు. అప్పటి నుంచి పదేళ్లు గడిచినా బుగ్గలు మాత్రం తిరిగి రాలేదు.

వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, కనబడనంత తక్కువ. రోగనిరోధక కణాల లెక్క అయిన సీడీ4 కౌంట్ 500 పైన. అంటే జబ్బు పూర్తిగా అదుపులో ఉంది. జబ్బు కంటే ముఖమే ఆవిడను ఎక్కువ బాధపెడుతోంది. పక్కింటావిడ కనబడినప్పుడల్లా "ఏంటి వదినా, ఇంత చిక్కిపోయావు, షుగరా?" అని అడుగుతుందట. "షుగరే అని చెప్పేస్తాను మేడం. అది తేలిక" అన్నారు. కోస్తాలో ఒక తరం వాళ్లకి ఈ ముఖం చూస్తే జబ్బు పేరు గుర్తొస్తుంది. ఆవిడ కొంగు కప్పుకునేది అందుకే. కూతురి పెళ్లి శ్రావణంలో పెట్టుకున్నారు. పీటల మీద కూతురి పక్కన కొంగు కప్పుకోకుండా నిలబడాలి, అడిగింది అంతే.

ఏం వాడాలి

మామూలుగా ఫిల్లర్ (గుంటలు నింపే ఇంజెక్షన్) అంటే జనానికి తెలిసింది హయలురోనిక్ యాసిడ్. అది జెల్. పెట్టిన చోట కూర్చుని నీటిని పట్టుకుంటుంది, వెంటనే నిండుగా కనబడుతుంది, తేడా వస్తే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించొచ్చు. ఈవిడ విషయంలో రెండు చిక్కులు. ఇంత వెడల్పు గుంటలకు ఎన్నో సిరంజిలు కావాలి, అదీ ఏడాదికో ఏడాదిన్నరకో మళ్లీ పెట్టాలి. పైగా కింద కొవ్వు లేని పలచటి చర్మంలో జెల్ గడ్డలా ఉబ్బి కనబడొచ్చు.

రెండో రకం శరీరంలో కరిగిపోతూ, చర్మానికి బలమిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను పుట్టించేవి. వీటిలో కాల్షియం హైడ్రాక్సీఅపటైట్ ఒకటి. 25 నుంచి 45 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) నున్నటి గుండ్రటి రేణువులు, చుట్టూ జెల్. లైపోయాట్రొఫీకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని 2006లో అనుమతించింది. మంచి మందే. ఆ జెల్ వల్ల మొదటి రోజే ముఖం నిండుతుంది. ఆవిడ దానికే భయపడ్డారు. "శనివారం ఇలా ఉండి సోమవారం అలా వెళ్తే స్టాఫ్ రూమ్‌లో అడగరా మేడం?" అన్నారు. ఇదే రకంలో పాలీకాప్రోలాక్టోన్ అనే మరో మందు కూడా జెల్‌లోనే వస్తుంది కాబట్టి దానికీ ఇదే మాట వర్తిస్తుంది.

మిగిలింది పీఎల్ఎల్ఏ, అంటే పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్. కరిగిపోయే కుట్టు దారాల్లో దశాబ్దాలుగా వాడుతున్న కుటుంబానికి చెందిన పదార్థం. యూరప్‌లో 1999లో న్యూఫిల్ పేరుతో వచ్చింది. అమెరికాలో స్కల్ప్‌ట్రా పేరుతో 2004 ఆగస్టులో ఎఫ్‌డీఏ మొదటిసారి అనుమతించింది ముడతలకు కాదు, సరిగ్గా ఇలాంటి హెచ్ఐవీ లైపోయాట్రొఫీకే. ముడతలకు అనుమతి 2009లో వచ్చింది. ఇవాళ సోషల్ మీడియాలో అందానికి వాడే మందుగా తెలిసిన ఇది అమెరికాలో మొదట మందుల వల్ల ముఖం పోగొట్టుకున్నవాళ్ల కోసం వచ్చిందన్న సంగతి చాలామందికి తెలియదు. నాకు ఈ మందు మీద గౌరవం అక్కడి నుంచే మొదలైంది.

చర్మం లోపల జరిగేది

పీఎల్ఎల్ఏ రేణువులు 40 నుంచి 63 మైక్రాన్లు ఉంటాయి. ఆకారం గుండ్రంగా ఉండదు, చిప్పల్లా వంకరటింకరగా ఉంటాయి. ఈ సైజుకు ఒక లెక్క ఉంది. పరాయి వస్తువులను మింగే మాక్రోఫేజ్ కణాలు మింగేయలేనంత పెద్దవి, సన్నటి కేశనాళికల గోడలు దాటి పోలేనంత పెద్దవి, అయినా సూదిలో దూరేంత చిన్నవి. చర్మం కిందకి వెళ్లగానే శరీరం వీటిని పరాయి వస్తువుగా గుర్తిస్తుంది. మాక్రోఫేజ్‌లు వచ్చి చుట్టుముడతాయి. ఒక్కటీ మింగలేక, కొన్ని కలిసిపోయి పెద్ద కణాలవుతాయి. అవి పంపే సంకేతాలకు కొలాజెన్ తయారుచేసే కణాలైన ఫైబ్రోబ్లాస్ట్‌లు చేరి రేణువుల చుట్టూ కొలాజెన్ అల్లడం మొదలుపెడతాయి. ఈ వాపు పైకి కనబడదు. ఎరుపు, నొప్పి, వేడి ఏమీ ఉండవు. ముందు మూడో రకం కొలాజెన్, నెలలు గడిచేకొద్దీ గట్టిదైన మొదటి రకం కొలాజెన్. మనుషుల చర్మం ముక్కలు తీసి చూసిన అధ్యయనంలో 3, 6 నెలలకు మొదటి రకం కొలాజెన్ పెరిగినట్టు తేలింది.

అటు కొలాజెన్ పెరుగుతుంటే ఇటు రేణువులు నీటితో చర్య జరిపి పగుళ్లిచ్చి చిన్నవవుతాయి. చివరికి లాక్టిక్ యాసిడ్‌గా మారి, కార్బన్ డయాక్సైడ్, నీరుగా బయటికి పోతాయి. మన కండరాల్లో రోజూ తయారయ్యే లాక్టిక్ యాసిడే అది. మందు పోతుంది, అల్లిన కొలాజెన్ మిగులుతుంది. అందుకే ఫలితం రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ నిలుస్తుంది. పోయిన కొవ్వు మాత్రం తిరిగి రాదు. చర్మం, దాని కింది పొర మందమవుతాయి, గుంట పూడుతుంది.

ఆవిడకు ఇదంతా చెప్పడానికి నేను వాడిన మాట ఒకటే. "పాలు తోడు పెట్టడం తెలుసుగా అమ్మా. తోడు చెంచాడే వేస్తాం. గిన్నెడు పెరుగు ఆ చెంచాలోంచి రాదు, పాలే తోడుకుంటాయి. మీ బుగ్గకు నేను తోడు మాత్రమే వేస్తాను." టీచర్ కదా, వెంటనే అందుకున్నారు. "మధ్యలో గిన్నె కదపకూడదన్నమాట" అన్నారు.

సూది పట్టేముందు

ముక్కుపుడక రంధ్రం, చెవి రంధ్రాలు, సిజేరియన్ మచ్చ మూడూ చూశాను. మన చర్మాల్లో కెలాయిడ్ తత్వం, అంటే మచ్చ గట్టిగా ఉబ్బి పెరిగే గుణం, తక్కువేం కాదు, కొలాజెన్ పుట్టించే మందు అలాంటివాళ్లకు వద్దు. ఎక్కడా మచ్చ పైకి లేవలేదు. నోరు తెరిపిస్తే కింది దవడలో ఎడమ పక్క పన్ను పుచ్చి, చిగురు వాచి ఉంది. ఆ ఒక్క పన్ను కోసం నెల రోజులు ఆపాను. నోటిలో చీము పెట్టుకుని, దానికి అంగుళం దూరంలో నెలల తరబడి ఉండే రేణువులు పెట్టడం నాకు ఒప్పుదల కాదు. రూట్ కెనాల్ అయ్యాకే తారీఖు ఇచ్చాను.

గుంటల తీవ్రతను కొలిచే జేమ్స్ స్కేల్‌లో చూస్తే గ్రేడ్ 3. మొత్తం నాలుగు గ్రేడ్లు, నాలుగోది అన్నిటికంటే తీవ్రం. ఫొటోలు కిటికీ పక్కన, వెలుతురు ఒకే వైపు నుంచి పడేలా తీశాను. ఎదురుగా ఫ్లాష్ వేసి తీస్తే గుంటలు మాయమవుతాయి, తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

మందు కలపడం

ఈ పని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే పీఎల్ఎల్ఏతో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు ఇక్కడ పుట్టేవే.

వయల్‌లో, అంటే చిన్న మందు సీసాలో, తెల్లటి పొడి గట్టిగా అడుగున అంటుకుని ఉంటుంది. అందులో 150 మిల్లీగ్రాముల పీఎల్ఎల్ఏ, మిగిలింది తేలేలా చేసే పదార్థాలు. ముందు రోజు సాయంత్రమే 8 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ గోడల మీదుగా మెల్లగా వదిలి, కదపకుండా పక్కన పెట్టేశాను. పొడి తనంతట తాను నీళ్లు పీల్చుకోవాలి. మర్నాడు 1 మిల్లీలీటర్ లిగ్నోకెయిన్ (మత్తుమందు) కలిపి, బాగా కలియబెట్టాను. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా, ఒకేలా ఉండాలి. పైన నురగ తేలుతుంది, దాన్ని సిరంజిలోకి లాగకూడదు. నురగతో సూది మూసుకుపోతుంది, మూసుకుపోయిన సూదిని బలంగా నొక్కితే అక్కడే ఒక ముద్ద పడుతుంది. ఇంజెక్షన్ చేస్తున్నంతసేపూ సిరంజిని అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి, లేకపోతే రేణువులు కిందికి దిగిపోతాయి.

పలచగా కలపడం నేను ఒక పేషెంట్ దగ్గర నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట అప్పటి పద్ధతి ప్రకారం 5 మిల్లీలీటర్లలో కలిపి, రెండు గంటలే నానబెట్టి, తొందరపడి మూడు వారాలకే రెండో విడత ఇచ్చాను. పెదవి మూలకు బాగా దగ్గరగా కూడా పెట్టాను. ఏడో నెలలో నవ్వితే కనబడేలా నాలుగు గట్టి బుడిపెలు తేలాయి. 5 ఫ్లూరోయురాసిల్ అనే మందు, ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ కలిపి విడతలు విడతలుగా ఆ బుడిపెల్లోకే ఎక్కించి అణచడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలు ఆ అమ్మాయి ఫోన్ వస్తే నా గుండె జారేది. ఈ మందుకు విరుగుడు ఎంజైమ్ లేదు. పెట్టాక వెనక్కి తీయలేం. పారిస్‌లో 50 మంది మీద జరిగిన వేగా అధ్యయనంలో కూడా బుగ్గలు బాగా నిండాయి గానీ 22 మందికి చేతికి తగిలే చిన్న గడ్డలు వచ్చాయి. అప్పట్లో రెండు వారాలకోసారి, చిక్కగా కలిపి ఇచ్చేవారు.

మొదటి విడత, నాలుగో రోజు ఫోన్

మార్చి మొదటి వారంలో ఒక్కో వైపు ఒక్కో వయల్ ఇచ్చాను. బుగ్గ మీద ఒకే రంధ్రం చేసి, 25 గేజ్ మొద్దు కాన్యులాతో (మొన లేని సన్న గొట్టం) చర్మం కింది పొరలో విసనకర్ర ఈనెల్లా పరిచాను. కాన్యులా వెనక్కి లాగుతూ మాత్రమే, కొద్దికొద్దిగా. కణతల దగ్గర సూదితో ఎముక పైదాకా వెళ్లి, వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకున్నాకే పెట్టాను. ఆ దారిలో రక్తనాళాలున్నాయి. రేణువు నాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు పోవచ్చు. అందుకే ఇది పార్లర్‌లో, ఇంట్లో చేయించుకునే పని కాదని కనబడినవాళ్లందరికీ చెప్తుంటాను. కంటి చుట్టూ, పెదవుల్లో నేను పెట్టను.

అయిపోయాక అద్దం ఇచ్చాను. 18 మిల్లీలీటర్ల నీళ్లు లోపల ఉన్నాయి కాబట్టి ముఖం పూర్తిగా నిండింది. ఆవిడ చాలాసేపు చూసుకున్నారు. "ఇది మందు పని కాదమ్మా, నీళ్లు. మూడు నాలుగు రోజుల్లో పోతుంది. కంగారు పడకూడదు" అని చెప్పాను, కాగితం మీద రాసి ఇచ్చాను, కూతురికి విడిగా చెప్పాను. రోజుకు ఐదుసార్లు, ఐదు నిమిషాల చొప్పున, ఐదు రోజులు మర్దన. రంధ్రం దగ్గర పసుపు, కుంకుమ వారం రోజులు వద్దు. ఎండలో గొడుగు.

నాలుగో రోజు రాత్రి ఫోన్. "మేడం, అంతా కరిగిపోయింది. మళ్లీ అలాగే అయిపోయాను. జీపీఎఫ్ లోన్ పెట్టి తెచ్చిన డబ్బులు..." అని ఏడ్చేశారు. ఇలాంటప్పుడు "ముందే చెప్పాను కదా" అనడం వల్ల ఒరిగేదేం లేదు. నేను అడిగింది ఒకటే: "తోడు పెట్టి ఎంతసేపైందమ్మా?" కాసేపు ఏమీ అనలేదు. "నాలుగు రోజులే" అన్నారు.

మూడో వారంలో కూతురు వచ్చింది, పెళ్లికి టైమ్ లేదు, రెండో విడత ఇప్పుడే ఇచ్చేయమని. ఆ పిల్ల టెన్షన్ నాకు అర్థమైంది. అయినా కుదరదన్నాను. మొదటి విడతకు శరీరం ఎంత జవాబిచ్చిందో తెలియకుండా రెండోది వేస్తే, తోడు ఎక్కువై పులిసిపోయిన పెరుగే. వయసు, చర్మం, మనిషిని బట్టి ఈ జవాబు మారుతుంది, ముందుగా చెప్పే పరీక్ష లేదు. ఆరు వారాలు ఆగి చూడటమే పరీక్ష.

ఆరో వారం ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కొంచెమే. కుడి బుగ్గ గుంట అంచు మెత్తబడింది. ఎడమ వైపు దాదాపు ఏమీ లేదు. ఆ రోజు ఆవిడ కంటే నాకే ఎక్కువ దిగులేసింది. ఏప్రిల్ మధ్యలో రెండో విడత, వేసవి సెలవుల్లో మే చివర మూడో విడత, అదే మోతాదులో ఇచ్చాను.

మార్పు కనబడింది జూలైలో. బుగ్గ మీద వేళ్లతో చర్మం పట్టుకుంటే మార్చిలో కాగితంలా వచ్చేది, ఇప్పుడు వేళ్ల మధ్య మందంగా నిండుతోంది. నమిలే కండరం గీత కనబడటం మానేసింది. స్టాఫ్ రూమ్‌లో "సెలవుల్లో బాగా తిన్నట్టున్నారే" అన్నారట. ఆవిడ కోరుకున్న మాట అదే. ఆగస్టులో పెళ్లి జరిగింది. పెళ్లి ఫొటో ఒకటి నాకు పంపారు. పట్టుచీర కొంగు భుజం మీదే ఉంది.

ఎడమ బుగ్గలో గడ్డ

అక్టోబర్‌లో ఎడమ వైపు నాలుగో విడత ఇద్దామని పిలిపించాను. చేత్తో తడిమితే ఎడమ బుగ్గ మధ్యలో కందిబద్దంత గట్టి గడ్డ తగిలింది. పైకి కనబడదు, నొప్పి లేదు, ఎరుపు లేదు. రెండో విడత తర్వాత పరీక్ష పేపర్లు దిద్దే పనిలో మర్దన సరిగ్గా చేయలేదని ఆవిడే చెప్పారు. మర్దన లేకపోవడమే కారణమని నేను అనుకోను. ఆ వైపు చర్మం ముందు నుంచీ పలచన, ఒక చోట రేణువులు గుమిగూడి ఉండాలి. అంటే నా చేతి పనే.

స్టెరాయిడ్ ఎక్కించాలా? ఎక్కిస్తే గడ్డ తొందరగా తగ్గొచ్చు. కానీ స్టెరాయిడ్ చుట్టుపక్కల కొవ్వునూ చర్మాన్నీ కరిగిస్తుంది. కొవ్వు లేకనే వచ్చిన మనిషి బుగ్గలో మళ్లీ గుంట చేసే సాహసం చేయలేదు. సన్న సూదితో గడ్డను లోపలే విడగొట్టి, సెలైన్ ఎక్కించాను. నెల తర్వాత మళ్లీ ఒకసారి. నాలుగో విడతలో ఎడమ వైపు ఒక వయల్ మాత్రమే, గడ్డ ఉన్న చోటుకు దూరంగా, కణత, చెవి ముందు భాగంలో ఇచ్చాను. మొత్తం ఏడు వయల్స్ అయ్యాయి.

2023 మేలో తడిమితే గడ్డ తగల్లేదు. అప్పటికి కుడి బుగ్గ గ్రేడ్ 1 కంటే తక్కువ, ఎడమ వైపు గ్రేడ్ 1. రెండు వైపులా పూర్తిగా సమానం కాలేదు. కిటికీ వెలుతురులో ఆ తేడా ఇప్పటికీ నాకు కనబడుతుంది, ఆవిడకు కనబడదట. సీడీ4, వైరల్ లోడ్ మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉన్నాయి.

2024 మార్చిలో, మొదటి విడతకు రెండేళ్లు నిండాక వచ్చారు. కుడి బుగ్గ నిలబడింది. ఎడమ కణత కొద్దిగా దిగింది, ఒక వయల్ వేస్తే సరిపోతుందన్నాను. "లోన్ వాయిదాలు ఇంకా ఆరు నెలలున్నాయి మేడం, అవయ్యాక చూద్దాం" అన్నారు. తొందరేం లేదన్నాను. చర్మం మందం చూసి, ఫొటోలు తీసి, ఆరు నెలలకు రమ్మన్నాను. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మొన్న పక్కింటావిడ షుగర్ తగ్గిందా వదినా అని అడిగింది మేడం, తగ్గిందని చెప్పాను" అన్నారు.